సెకండాఫ్ లేని సినిమా

ముందే చెప్పేస్తున్నాను. ఆ జపాన్ బొమ్మల సినిమా రెండో భాగం మంచి సినిమా. మొదటి భాగం కంటే మంచి సినిమా. ఈ మాట అన్నందుకు నన్ను చూసి నవ్వనివాడు లేడు. ఇంట్లో నవ్వారు, హాల్లో నవ్వారు, టీ కొట్టు దగ్గర ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా నవ్వారు. నవ్వుకోండి. నేను మాత్రం మాట మార్చేది లేదు.

మీలాంటి పిల్లలు సినిమాకు బయల్దేరే ముందు ఫోన్ తీసి, ఎవడో ఇచ్చిన రేటింగు చుక్కలు చూసుకుంటారు. ఆ సినిమాకు గుంటూరు కుర్రాళ్లు ఎన్ని చుక్కలిచ్చారో నాకు తెలుసు. వాళ్లలో చాలామంది మా హాల్లోనే, మొదటి రోజే చూశారు. పాపం, వాళ్లు చూసింది సినిమా కాదు, మా ఆపరేటర్ ఘనకార్యం. ఆ కథ తెలిస్తే మీరు ఆ సినిమాను మళ్లీ వెతుక్కుని చూస్తారేమోనని ఆశ. అందుకే రాస్తున్నాను.

మిర్చి యార్డుకు దగ్గర్లో ఉన్న ఒక హాల్లో నేను మేనేజరుగా చేశాను. గేటు దగ్గర టికెట్లు చింపే పనితో చేరి, మేనేజరుగా దిగిపోయాను. సీజన్లో మా హాల్లో సినిమా చూడటం తమాషాగా ఉండేది. ఏసీ బయటి గాలిని ఎటునుంచి పీలుస్తుందో గానీ మిరప ఘాటును కూడా లోపలికి తెచ్చేది. హీరోయిన్ ఏడ్చే చోట హాలంతా ముక్కు చీదుతుంటే అది కన్నీళ్ల మహిమో మిరపకాయల మహిమో మాకు తెలిసేది కాదు. నిర్మాతల మనుషులు మాత్రం చూసి తెగ సంతోషపడిపోయేవాళ్లు.

మా ఓనరు పెద్దాయన పాతకాలం మనిషి. నోటితో ఒకటి చెప్పాక దాన్ని మళ్లీ కాగితం మీద పెట్టమంటే ఆయనకు అవమానంగా ఉండేది. ఆయన దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. సింగరాయకొండ పిల్ల. ఇంజనీరింగు చదివి, ఉద్యోగం చూసుకోకుండా, ఇద్దరు స్నేహితులతో కలిసి జపాన్ బొమ్మల సినిమాల తెలుగు హక్కులు తెచ్చుకుని, మాటలు తానే రాసి, చిన్న స్టూడియోలో డబ్బింగ్ చెప్పించి, డబ్బా పట్టుకుని హాలు హాలుకూ తిరిగేది. ఎవరూ కూర్చోమని కూడా అనలేదట. పెద్దాయన కూర్చోబెట్టి, టీ ఇప్పించి, మొదటి భాగం వేశాడు. అది దుమ్ము లేపింది. ఆకాశం నుంచి దిగే రాకాసి ఓడలు, వాటిని ఆపే కొండంత ఇనుప యంత్రం, దాని గుండెలో కూర్చుని నడిపే ఒక కుర్ర సైనికుడు. చివర్లో సముద్రం మీద పేద్ద పోరాటం, పేలుడు, కుర్రాడు మాయం. కుర్రకారు కుర్చీలెక్కి ఈలలు వేశారు.

ఆ వారం చివర పెద్దాయన ఆ అమ్మాయితో నా ఎదురుగానే అన్నాడు. "అమ్మాయ్, రెండో భాగం తెచ్చినప్పుడు ఈ హాలు నీది. శుక్రవారం నుంచి గురువారం దాకా, నాలుగాటలూ. జనం వచ్చినా సరే, రాకపోయినా సరే."

ఆ చలికాలంలో పెద్దాయన పోయాడు. హాలు ఆయన కొడుకు చేతికి వచ్చింది. మేం చిన్నబాబు అంటాం. చెడ్డవాడు కాదు. కోల్డ్ స్టోరేజీ నడుపుతాడు, లెక్కలు తెలిసినవాడు, మర్యాదస్తుడు. కాకపోతే తన హాల్లో ఒక్క సినిమా కూడా కూర్చుని చూసి ఎరగడు. హాలు అతనికి ఇంకో గోడౌను. ఏ సరుకు లోపల ఉంచాలి, ఏది బయటికి పంపాలి అన్నదే ఆలోచన.

ఇక మా ఆపరేటర్. నేనూ వాడూ ఒకే ఏడు చేరాం. పెళ్లాం పోయాక హాలు వెనక, తెర గోడకు ఆనుకుని ఉన్న ఒంటి గదిలోకి మారి అక్కడే ఉండిపోయాడు. రాత్రి పడుకుంటే గోడ అవతల సెకండ్ షో మాటలు వినపడకపోతే నిద్ర పట్టదనేవాడు. చిన్నబాబు వచ్చాక ఆ గది తీసేసి పార్కింగు పెంచాలని కొలతలు తీయించాడు. వేసవిలోపు ఖాళీ చేయమన్నాడు. వీడు సరేనని అనలేదు, కాదనీ అనలేదు. సామాను మాత్రం కదపలేదు.

ఇప్పుడు మీకు ఒక్క సంగతి చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. జపాన్ సినిమాలకు ఇంటర్వెల్ ఉండదు. వాళ్లు మొదలుపెడితే చివరిదాకా చూస్తారు. మనవాళ్లు అట్లా కూర్చోరు గదా. కాబట్టి అలాంటి సినిమా వచ్చినప్పుడు ఎక్కడ ఆపాలో హాలు వాళ్లే చూసుకోవాలి. రీళ్ల కాలంలో ఆపరేటర్ చేతిలో వంద విద్యలుండేవి. ఇప్పుడు సినిమా పెట్టెలో వస్తుంది, దాన్ని తెరిచే తాళం కంప్యూటర్లో వస్తుంది, మీట నొక్కితే దానంతటదే ఆడుతుంది. వాడి చేతిలో మిగిలిన విద్య ఒక్కటే. ఇంటర్వెల్ పెట్టడం. అదీ ఇట్లాంటి పరాయి సినిమాలు వచ్చినప్పుడే. ఆ ఒక్కదాన్ని వాడు ప్రాణం పెట్టి చేసేవాడు. ఇంటర్వెల్ అంటే బ్యాంగ్ పడాలి, జనం అరుస్తూ లేవాలి, ఆ ఊపులో క్యాంటీన్ మీద పడాలి. అది వాడి శాస్త్రం.

రెండో భాగం వచ్చింది. ఎక్కడ ఆపాలో ఆ అమ్మాయి ముందే ఫోన్లో చెప్పింది. యంత్రం ఒక రేకుల చూరు కింద కూర్చుని వాన చూస్తూ ఉంటుంది, అక్కడ ఆపండి అంది. వీడు సరే అని ఫోన్ పెట్టేసి, "వానలో ఎవడన్నా ఇంటర్వెల్ ఇస్తాడా" అని నవ్వాడు. పెట్టెలో సినిమాను ముందుకీ వెనక్కీ తిప్పి ఫైటు కోసం వెతికాడు. ఎంత వెతికినా లేదు. చివరికి ఒకటి దొరికింది. సముద్రం, రాకాసి ఓడ, పేలుడు, అంతా ఉంది. ఇంకేం, దాని మీద 'విశ్రాంతి' కార్డు వేసేశాడు. అది సినిమా అయిపోవడానికి కాస్త ముందు వస్తుందన్నది వాడికి పట్టలేదు.

శుక్రవారం మార్నింగ్ షో హౌస్‌ఫుల్. మొదటి భాగం చూసినవాళ్లంతా వచ్చారు. వస్తుంది, వస్తుంది అని ఎదురుచూశారు. ఎంతకీ ఇంటర్వెల్ రాకపోయేసరికి కాళ్లు కదిలించడం, పక్కవాణ్ని గిల్లడం మొదలైంది. చివరికి ఫైటు పడింది, కార్డు పడింది, అందరూ హమ్మయ్య అని బయటికి పరిగెత్తారు. సెకండాఫ్ లో అసలు కథ ఉందిరా అని ధైర్యం చెప్పుకుంటూ పాప్‌కార్న్, సమోసాలు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. యంత్రం సముద్రంలోకి నడిచింది. కెరటాలు వచ్చాయి. పేర్లు పడ్డాయి.

ఆ తర్వాత జరిగింది నేను నా సర్వీసులో చూడలేదు. పెద్ద హీరో సినిమా పోయినప్పుడు కుర్చీలు చింపడం చూశాను గానీ, ఇది వేరే. ఒక్కడు కూడా లేవలేదు. సమోసా చేతిలో పట్టుకుని తెర వంక చూస్తూ కూర్చున్నారు. తర్వాత వెనకనుంచి ఎవడో "ఒరేయ్, సెకండాఫ్ ఏదిరా" అన్నాడు. ఇంకేముంది, హాలంతా అదే కేక. నా ఆఫీసు ముందుకు వచ్చి సెకండాఫ్ వేయమని కూర్చున్నారు. మిగతా సగం మేం దాచుకున్నామని వాళ్ల అనుమానం. మ్యాట్నీ టైముకల్లా ఊరంతా పాకిపోయింది. సెకండాఫ్ లేని సినిమా. ఆ పేరు ఇప్పటికీ పోలేదు.

సాయంత్రం చిన్నబాబు ఫోన్ చేశాడు. ఒక పెద్ద హీరో సినిమా పక్క హాల్లో జనం పట్టక పొంగిపోతోంది, సోమవారం నుంచి మన హాలు కూడా ఇవ్వమంటున్నారు, ఈ బొమ్మల సినిమా ఆదివారంతో తీసేయండి అన్నాడు. గురువారం దాకా అని నాన్నగారు మాటిచ్చారు బాబూ అని నేను గుర్తు చేశాను. అతనికి తెలుసు. పెద్దాయన ఇంట్లో కూడా చెప్పాడట.

"గుర్తుంది బాబాయ్. అయితే మాటిచ్చింది నాన్నగారు. నేనివ్వలేదు గదా" అన్నాడు.

లోకంలో అందరూ అనేదే అది.

ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఏడుస్తుందనుకున్నా, తిడుతుందనుకున్నా. రెండూ చేయలేదు. గుంటూరులో మధ్యలో తీసేస్తే ఒంగోలు, చీరాల హాళ్లవాళ్లు కూడా వద్దంటారని, అక్కడితో తన పని అయిపోయినట్టేనని మామూలుగా చెప్పింది. తర్వాత "మీరు చూశారా అండీ సినిమా" అని అడిగింది. లేదన్నాను. మేనేజరు సినిమా చూడడు, జనాన్ని చూస్తాడు. "చూడకుండానే తీసేస్తున్నారా" అంది. మెత్తగానే అంది గానీ నాకు ఒళ్లు మండింది. ఆ అమ్మాయి మీద కాదు.

శనివారం మ్యాట్నీకి వెళ్లి కూర్చున్నాను. హాల్లో పది పదిహేను మంది ఉంటారు. సగం మంది ఏసీ కోసం వచ్చి నిద్రపోతున్నవాళ్లే.

కథ చెప్తాను, వినండి. ఎన్నో ఏళ్లు గడిచిపోయాయి. యుద్ధం ఎవరికీ గుర్తులేదు. ఆ కొండంత యంత్రం ఇప్పుడు ఉప్పు మళ్లలో నీళ్లు తోడే పని చేస్తోంది. చేతులు ఎవరివో, కాళ్లు ఎవరివో, తల కూడా మార్చేశారు. పాత జ్ఞాపకాలు కడిగేశారు. ఒకరోజు ఒక ముసలామె వచ్చి దాని ముందు నిలబడుతుంది. అప్పుడు సముద్రం మీద మాయమైన ఆ కుర్ర సైనికుడి తల్లి. "నా కొడుకును తెచ్చి అప్పజెబుతానని మాటిచ్చావు. ఎప్పుడు తెస్తావు?" అని అడుగుతుంది. యంత్రానికి ఏమీ గుర్తులేదు. "నేనేనాండీ?" అంటుంది. మన సింగరాయకొండ పిల్ల రాసిన తెలుగు అది. యంత్రం అందరినీ అండీ అని పిలుస్తుంది. మొదటి రోజు దానికి కూడా నవ్వారు.

మాటిచ్చింది తనేనా అని తెలుసుకోవడానికి యంత్రం బయల్దేరుతుంది. ఒక ఊళ్లో తన పాత చెయ్యి ఇంకో యంత్రానికి ఉంటుంది. ఒక గుళ్లో గంటను తన పాత గుండె రేకుతో పోత పోసి ఉంటారు. వీటిలో ఏది తను? చివరికి ఒక షెడ్డులో తన పాత జ్ఞాపకాలన్నీ పెట్టుకున్న వేరే యంత్రం కనపడుతుంది. దానికి అన్నీ గుర్తే. యుద్ధం గుర్తే, కుర్రాడు గుర్తే, తల్లికిచ్చిన మాట కూడా గుర్తే. "గుర్తుంది. అయితే ఏంటి?" అంటుంది. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ముందు రోజు సాయంత్రం ఫోన్లో విన్న గొంతే అది.

ఆ ఫైటు ఉంది చూశారా, మావాడు ఇంటర్వెల్ పెట్టిన ఫైటు, అది ఫైటు కాదు. ఆ రెండో యంత్రం తన జ్ఞాపకాన్ని మన యంత్రానికి చూపిస్తుంది. చూడు, ఇది నీ జీవితం, నా దగ్గరుంది, కావాలంటే తీసుకో అంటుంది. మన యంత్రం అంతా చూసి, వద్దంటుంది. "నాకు గుర్తులేదండీ. అయినా నేనే వెళ్తాను" అంటుంది. ఆ వద్దనడంలో సినిమా అంతా ఉంది. సరిగ్గా అక్కడ మావాడు సమోసాలకు పంపించాడు.

స్లో అన్నారు. నీళ్లు తోడుకుంటూ బతికేవాడి రోజు అట్లాగే గడుస్తుంది మరి. మొదటి భాగంలో ఉన్నది ఇందులో లేదన్నారు. ఉంటే ఇంకోసారి అదే చూపించాడని తిట్టేవాళ్లు. అర్థం కాలేదన్నారు. ఒళ్లు మారిపోయి, మనసు మారిపోయి, పేరు ఒక్కటే మిగిలినప్పుడు, అప్పుడు ఇచ్చిన మాటకు ఎవరు పూచీ? ఇందులో అర్థం కానిదేముంది? మన ఇళ్లల్లో రోజూ నడిచే తగువే గదా. దాన్ని యంత్రంతో అడిగించేసరికి ఫిలాసఫీ అని భయపడిపోయారు.

బయటికొచ్చి నేరుగా ఆపరేటర్ గదికి వెళ్లాను. ఒరేయ్, ఇంటర్వెల్ మార్చు అన్నాను. వాడు అన్నం తింటూ, మార్చను అన్నాడు. ఇన్నేళ్లలో తన ఇంటర్వెల్‌ను ఎవడూ వేలెత్తి చూపలేదని, తప్పు సినిమాది గానీ తనది కాదని వాదించాడు. నేను అరిచాను, వాడూ అరిచాడు. ఆ రోజుకు మాటలు లేవు.

ఆదివారం పొద్దున ఆ అమ్మాయి రైలెక్కి వచ్చింది. నేరుగా మెట్లెక్కి ప్రొజెక్టర్ గదిలో ఉన్న ఆపరేటర్ దగ్గరికి పోయింది. కాసేపాగి నేనూ వెళ్లాను, కొట్టుకుంటున్నారేమోనని. ఇద్దరూ చిన్న తెర మీద వాన చూస్తున్నారు. యంత్రం రేకుల కింద కూర్చుని ఉంది. రేకుల మీద చినుకుల చప్పుడు తప్ప మాటల్లేవు. ఆ అమ్మాయి వాడిని ఒకటే అడిగింది, ఇంటర్వెల్లో జనం బయటికి వెళ్లి ఏం మాట్లాడుకోవాలండీ అని. ఫైటు గురించి అన్నాడు వాడు.

"నాకేమో వాళ్లు ఆ ముసలమ్మ గురించి మాట్లాడుకోవాలని ఉందండీ" అంది.

వాడు చాలాసేపు గొణిగాడు. చివరికి, నీ సినిమా నీ ఇష్టం, పోతే మాత్రం నా పేరు చెప్పకు అని, కార్డు వానలోకి మార్చాడు. కానీ ఒక షరతు పెట్టాడు. కార్డు మాత్రం తన దగ్గరున్న పాతది, ఎర్ర అక్షరాల 'విశ్రాంతి'నే వేస్తానన్నాడు. ఒప్పుకున్నాం.

మధ్యాహ్నం చిన్నబాబు వచ్చాడు, సోమవారం మార్పుకు ఏర్పాట్లు చూడటానికి. నేను ఆఫీసులో తలుపు దగ్గరగా వేసి నిలబడ్డాను. నా వయసుకు, నా ఉద్యోగానికి తగని పనే. రిటైర్మెంటు దగ్గర పడినవాడికి భయం తగ్గుతుందనుకుంటా.

"బాబుగారూ, ఈ మ్యాట్నీ మీరు కూర్చుని చూడండి. మధ్యలో లేచి వెళ్లిపోతే రేపు పొద్దున పెద్ద సినిమా పోస్టరు నేనే దగ్గరుండి అంటింపిస్తాను. చివరిదాకా కూర్చుంటే మాత్రం గురువారం దాకా ఉంచండి."

"సినిమాలు చూసి హాళ్లు నడుపుతారా బాబాయ్ ఎవరైనా?"

"నాన్నగారు చూసేవారు."

అతను చేతి గడియారం చూసుకున్నాడు. నవ్వాడు కూడా. ఎట్లాగూ ఇంటర్వెల్‌కు లేచిపోవచ్చనుకున్నాడేమో, సరే పదండి అన్నాడు.

ఆ మ్యాట్నీకి జనం ఒక మాదిరిగా ఉన్నారు. సోమవారం యార్డు తెరుస్తారు కాబట్టి రైతులు ఆదివారమే మిరప టిక్కీలు దింపుకుని, ఆ బస్తాల దగ్గర ఒకణ్ని కాపలా పెట్టి, మిగతావాళ్లు చల్లగా ఉంటుందని మా హాల్లో వచ్చి కూర్చునేవాళ్లు. ఏ సినిమా అని కూడా అడగరు. వాళ్లలో ఒక పెద్దాయన నాకు ముఖ పరిచయం. తుళ్లూరు దగ్గర పల్లె ఆయనది. పొలం రాజధానికి ఇచ్చేసి, ఇప్పుడు సత్తెనపల్లి వైపు కౌలుకు మిరప వేస్తున్నాడు. టికెట్టు తీసుకుంటూ, బొమ్మలా, పోన్లే, నిద్దరన్నా పడుతుంది అన్నాడు.

చిన్నబాబు మధ్య వరసలో కూర్చున్నాడు. నేను తలుపు పక్కన. ఆ అమ్మాయి ఇంకో తలుపు పక్కన. మా ఇద్దరి కళ్లూ తెర మీద లేవు. అతని ఫోన్ వెలుగుతూ ఆరుతూ ఉంది. పెద్ద సినిమావాళ్లు చేస్తున్నారని తెలుస్తూనే ఉంది. ముసలామె వచ్చి ప్రశ్న అడిగింది. ఫోన్ వెలిగింది. గుడి గంట మోగింది. ఫోన్ వెలిగింది. వాన మొదలైంది. ఎర్ర అక్షరాలు పడ్డాయి.

లైట్లు వెలగగానే చిన్నబాబు లేచి బయటికి వెళ్లాడు. వెళ్తూ నా వంక చూడలేదు. క్యాంటీన్ దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడాడు. కారు డ్రైవరు బండి తిప్పి గేటు వైపు పెట్టాడు. నేను అక్కడికి వెళ్లలేదు. బతిమాలితే పందెం పోయినట్టే గదా. క్యాంటీన్ చుట్టూ ఉన్న రైతుల మాటలు మాత్రం చెవిన పడుతున్నాయి. ఫైటు గురించి కాదు. ఆ ముసలిదానిది పిచ్చి కాకపోతే ఇనుముని పట్టుకుని కొడుకుని తెమ్మంటదేంటి అని ఒకడు. మరి ఇంకెవర్ని అడుగుద్ది అని ఇంకొకడు. గోడ పక్క నిలబడి ఆ అమ్మాయి వింటోంది.

బెల్లు కొట్టారు. జనం లోపలికి వెళ్లారు. లైట్లు ఆరాయి. చిన్నబాబు కుర్చీ ఖాళీగా ఉంది. అయిపోయింది, పోస్టరు అంటించుకోవడమే అనుకున్నాను. ఎప్పుడు వచ్చాడో తెలియదు, చూస్తే తలుపు దగ్గర నా పక్కనే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఫోన్ జేబులో ఉంది. వెలగడం లేదు.

షెడ్డులో యంత్రం వచ్చింది. "గుర్తుంది. అయితే ఏంటి?" అంది. జ్ఞాపకం నడిచింది, పేలుడు, సముద్రం. మన యంత్రం వద్దంది. ఇప్పుడు ఉప్పు మళ్ల దగ్గరికి తిరిగి వచ్చి ముసలామె ముందు నిలబడింది. ఆమె మళ్లీ అడిగింది. మాటిచ్చింది నువ్వేనా, తేల్చుకున్నావా అని. యంత్రం జవాబు చెప్పదు. చాలాసేపు చెప్పదు. శుక్రవారం జనం ఈలలు వేసి గోల చేసిన చోటు అదే. ఇప్పుడు హాల్లో తుమ్ములు కూడా లేవు.

అప్పుడు తుళ్లూరు పెద్దాయన, నిద్రపోడానికి వచ్చినాయన, కూర్చున్న చోటునుంచే తెరతో మాట్లాడాడు. మనవాళ్లు మాట్లాడతారు గదా, పక్కింటివాడితో మాట్లాడినట్టు.

"నువ్వు కాకపోతే ఇంకెవరయ్యా? ఆ చోట ఇప్పుడుంది నువ్వేగా."

ఒక్కడూ నవ్వలేదు. తెర మీద యంత్రం వంగి, ముసలామె చేతిని తన ఇనుప వేలితో తాకి, "వెళ్లొస్తానండీ" అంది. సముద్రంలోకి నడిచింది. కెరటాలు దాని మీదుగా వచ్చాయి. తెచ్చిందో లేదో చూపించలేదు. పేర్లు పడ్డాయి.

చిన్నబాబు పేర్లన్నీ అయిపోయేదాకా అక్కడే ఉన్నాడు. జపాన్ అక్షరాలు ఏం చదువుతాడో తెలియదు. జనం బయటికి పోతుంటే నేను తుళ్లూరు పెద్దాయనను ఆపి ఎట్లా ఉంది అని అడిగాను. "బాగుందో బాలేదో నాకు తెలవదు గానీ, అది వెళ్లింది చూడండి. వెళ్లింది" అని, బస్తాలు చూసుకోవాలని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత సినిమా పెద్ద హిట్టయిందని నేను చెప్తానని మీరు ఎదురుచూస్తున్నారేమో. కాలేదు. గురువారం దాకా ఆడింది. ఏ రోజూ హాలు నిండలేదు. ఒంగోల్లో వేశారు, చీరాలలో వేశారు, ఇంటర్వెల్ వానలో పెట్టి. అక్కడా అంతంతే. ఆ అమ్మాయి మాత్రం పని మానలేదు, ఇప్పటికీ ఏదో ఒకటి తెస్తూనే ఉంది. మీ ఫోన్లలో ఆ సినిమా చుక్కలు కూడా పెరగలేదు. అందుకే నేనిక్కడ గొంతు చించుకుంటున్నాను. హాలు నిండకపోతే సినిమా బాలేదని ఎవరన్నారు? నేను నా సర్వీసులో నిండిన హాళ్లు ఎన్నో చూశాను. ఏ సినిమాలకు నిండాయో చెప్తే నా నోరే మురికి అవుతుంది.

ఆ ఆదివారం మాత్రం ఇంకొకటి జరిగింది. హాలు ఖాళీ అయ్యాక ఫస్ట్ షో జనం కోసం ఊడుస్తున్నారు. చిన్నబాబు ఆఫీసులోకి వచ్చాడు. వాళ్ల నాన్న కుర్చీలో ఎప్పుడూ కూర్చునేవాడు కాదు, పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకునేవాడు. ఆ రోజూ అట్లాగే కూర్చున్నాడు. గురువారం దాకా ఉంచండి, పెద్ద సినిమావాళ్లకు నేను చెప్పేశాను అన్నాడు. నేను సరేనన్నాను. ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి దణ్ణం పెట్టి రైలుకు వెళ్లిపోయింది. అతను లేవలేదు. బల్ల మీద పేపర్ వెయిట్‌ను కాసేపు తిప్పాడు.

"బాబాయ్, నాన్నగారు ఇంకెవరికైనా, ఏమైనా మాటిచ్చారా?"

ఒకటి ఉంది. పెద్దాయన జబ్బు పడకముందు, తెర వెనక ఒంటి గది గుమ్మంలో నిలబడి, మా ఆపరేటర్‌తో అన్న మాట. నువ్వున్నన్నాళ్లూ ఈ గది నీదేరా అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. చనిపోయిన మనిషి మాట చూపించి అడుక్కోవడం ఇష్టం లేక వాడు నోరెత్తలేదు, నన్నూ ఎత్తనివ్వలేదు. కానీ ఇప్పుడు నేను ఎత్తడం లేదు గదా. అడిగినదానికి జవాబు చెప్పాను.

చిన్నబాబు విన్నాడు. లేచి వెళ్లిపోయాడు. పార్కింగు కొలతలకు మళ్లీ ఎవరూ రాలేదు.

నేను రిటైరయ్యాను. మావాడు ఇంకా అక్కడే ఉన్నాడు, ఆ గదిలోనే. అప్పుడప్పుడు వెళ్తాను. గోడ అవతల ఏదో సినిమా నడుస్తూ ఉంటుంది, ఇవతల వాడు టీ కాస్తాడు. నేను ఆ బొమ్మల సినిమా సంగతి ఎత్తుతాను. వాడు ప్రతిసారీ ఒకటే అంటాడు. "అదేం సినిమారా, సెకండాఫే లేదు." మంచం మీద వెనక్కి వాలి, గోడకు వీపు ఆనించి, హాయిగా కాళ్లు చాపుకుని అంటాడు.